ఏ అంకెను కూడాలి? దేనితో వేరు చేయాలి?

 

మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న సంగతి మీకు తెలిసినదే. ఎక్కించడం ఒక ఎత్తు, ఎక్కించిన వాటిలోంచి రిపోర్టు తీయడం మరొక ఎత్తు. ఈ రెండో పనిలో డైమెన్షన్, మెజర్ అనే రెండు మాటలు తప్పకుండా ఎదురవుతాయి. బి.కాం. కంప్యూటర్స్, బి.బి.ఎ. చదివే పిల్లలు కాకినాడలోనో, హైదరాబాదులోనో ఎం.ఐ.ఎస్. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే వీటి మీద ప్రశ్న తరచు వస్తుంది. పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పి గట్టెక్కేవారే ఎక్కువ. "సరే, ఈ కొత్త ఫీల్డును నీవు డైమెన్షన్ చేస్తావా, మెజర్ చేస్తావా, ఎందుకు?" అని తిప్పి అడిగితే మాత్రం తడబడతారు. ఆ తిప్పి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా లెడ్జర్లు రాసి, తరువాత అదే పనిని కంప్యూటరు మీద చేసి రిటైరైన వాడిని. ఈ విషయం నాకు అర్థమైనది లెడ్జరు వైపు నుంచే కాబట్టి అటు నుంచే చెబుతాను.

పాత బ్యాంకు లెడ్జర్లో ఖాతా నంబరు ఉండేది, ఫోలియో నంబరు ఉండేది, తేదీ ఉండేది, జమ, ఖర్చు, నిల్వ ఉండేవి. ఇవన్నీ అంకెలే. బ్యాలెన్సింగు చేసే రోజున మేము కూడేది నిల్వల వరుస ఒక్కటే. ఆ మొత్తం జనరల్ లెడ్జరులోని మొత్తంతో సరిపోవాలి. ఖాతా నంబర్లను కూడాలని ఎవరికీ తోచేది కాదు. ఖాతా నంబరు పని ఇది ఎవరిదో చెప్పడం, నిల్వ పని ఎంత ఉందో చెప్పడం. "ఎవరిది, ఎక్కడిది, ఎప్పటిది, ఏ రకం" అనే ప్రశ్నలకు జవాబు చెప్పేది డైమెన్షన్. "ఎంత, ఎన్ని" అన్నదానికి జవాబు చెప్పేది మెజర్. డైమెన్షన్‌తో వేరు చేస్తాము, మెజర్‌ను కూడుతాము. మొదటి మెట్టు ఇంతే.

చిక్కు ఎక్కడంటే, మనిషికి తోచని పని కంప్యూటరుకు తోస్తుంది. గడిలో అంకె కనబడితే చాలు, కూడడానికి సిద్ధపడుతుంది. ఎక్సెల్ పివట్ టేబుల్‌లో అంకెలున్న వరుసను విలువల చోట పెడితే మొత్తం వేసి చూపిస్తుంది. టాబ్లో అనే సాఫ్ట్‌వేరులో అంకెల వరుసలు సాధారణంగా మెజర్ల గుంపులోకే పోతాయి. అంచేత మన దరఖాస్తులోని పిన్ కోడును వదిలేస్తే, 40 మంది యానాం విద్యార్థుల పిన్ కోడులను కూడి 2,13,38,560 అని ఘనంగా చూపిస్తుంది. ఆ అంకెకు అర్థం లేదు. హాల్ టికెట్టు నంబరు, ఫోను నంబరు, రేషన్ కార్డు నంబరు, తరగతి, పుట్టిన సంవత్సరం కూడా ఈ కోవలోవే. 9వ తరగతి వారినీ 10వ తరగతి వారినీ కలిపి "సగటు తరగతి 9.4" అంటే నవ్వుతారు. ఇటువంటి వాటిని మొదటే డైమెన్షన్‌గా మార్చి, వీలైతే అంకెగా కాక అక్షరాలుగా ఎక్కించాలి. లేకపోతే సున్నాతో మొదలయ్యే అడ్మిషన్ నంబరులో ఆ సున్నా కూడా ఎగిరిపోతుంది.

పిన్ కోడు మాట వచ్చింది కనుక మన యానాం వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది ఒకటి ఉంది.

పిన్ కోడు పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె దేశంలోని పెద్ద ప్రాంతాన్ని సూచిస్తుంది. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. 6 అంటే తమిళనాడు, కేరళ. మన యానాం పిన్ 533464. కాకినాడ 533001. తపాలా రవాణాకు ఏది వీలో ఆ ప్రకారం ఇచ్చిన నంబరు ఇది. పరిపాలన ప్రకారం మనం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. పుదుచ్చేరి పట్టణం పిన్ 605001, కారైకాల్ 609602, మాహే 673310. ఒకే ప్రభుత్వం కింద ఉన్న నాలుగు ప్రాంతాలకు నాలుగు రకాల పిన్‌లు.

ఇప్పుడు ఎవరో ఒక కుర్రవాడు రిపోర్టు చేస్తూ, రాష్ట్రం పేరు వేరే అడగడం దేనికి, పిన్‌లోని మొదటి రెండు అంకెలు తీసుకుని ఒక కాలిక్యులేటెడ్ ఫీల్డు రాస్తే సరిపోతుంది కదా అనుకున్నాడనుకుందాం. 53 ఉంటే ఆంధ్రప్రదేశ్ అని రాశాడు. చూడడానికి తెలివైన పనే. కానీ కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, దరియాలతిప్ప పిల్లలందరూ ఆ ఒక్క సూత్రంతో ఆంధ్రప్రదేశ్ ఖాతాలోకి వెళ్ళిపోతారు. మాహే పిల్లలు కేరళలో కలుస్తారు. పుదుచ్చేరి వారికి మాత్రమే ఇచ్చే ఏ సాయమైనా ఆ రిపోర్టును బట్టి ఇస్తే మన పిల్లల పేర్లు జాబితాలో కనబడవు. ఎవరూ తిరస్కరించలేదు, ఎవరూ కావాలని చేయలేదు, ఫీల్డు అలా లెక్క కట్టింది. ఇక్కడ కాలిక్యులేటెడ్ ఫీల్డు డైమెన్షన్ కావడం సరైనదే. దానికి ఆధారంగా తీసుకున్న వరుస మాత్రం తప్పు. ఉన్న వరుసలోంచి కొత్త డైమెన్షన్ పుట్టించేటప్పుడు, ఆ వరుసకు అసలు ఆ సమాచారం తెలుసా అని అడగాలి. పిన్‌కు తపాలా ఆఫీసు తెలుసు, ప్రభుత్వం తెలియదు. రాష్ట్రం కావాలంటే రాష్ట్రమని వేరే గడి పెట్టి అడగవలసిందే.

ఊరి పేర్ల సంగతీ ఇదే సందర్భంలో. ఇంగ్లీషులో కనకాలపేటను ఒకరు చివర ఏ అక్షరం పెట్టి రాస్తారు, ఒకరు పెట్టకుండా రాస్తారు, ఒకరు మధ్యలో ఖాళీ వదులుతారు. మనిషి కంటికి ఒకే ఊరు, కంప్యూటరుకు మూడు ఊళ్ళు. 18 దరఖాస్తులు వచ్చిన పేట కాస్తా 9, 6, 3గా చీలి, ఏ జాబితాలోనూ పైకి రాదు. మెజర్లో తప్పుంటే మొత్తం తేడా వచ్చి ఎవరో ఒకరు పట్టుకుంటారు. డైమెన్షన్లో తప్పుంటే మొత్తం సరిగానే ఉంటుంది, అందుచేత ఎవరూ చూడరు.

ముందు భాగించాలా, ముందు కూడాలా?

ఇక అసలు విషయానికి వద్దాం. ఉన్న వరుసలతో సూత్రం రాసి కొత్త వరుస తయారు చేస్తే అది కాలిక్యులేటెడ్ ఫీల్డు. ఆ సూత్రం రెండు రకాలుగా పని చేయవచ్చు. ఒకటి, ప్రతి వరుస దగ్గర ఆగి, ఆ ఒక్క దరఖాస్తు వరకు లెక్క కట్టి ముందుకు పోవడం. రెండు, ముందు గుంపు మొత్తాలన్నీ వేసుకుని, ఆ మొత్తాల మీద లెక్క కట్టడం. కూడికలు, తీసివేతలు మాత్రమే ఉంటే ఎలా చేసినా జవాబు ఒకటే. భాగహారం వచ్చిందా, రెండు దారులూ వేరు వేరు జవాబులకు చేరతాయి.

ఇందుకు మన ఇంటి లెక్కే చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పుదుచ్చేరి జిల్లా జనాభా 9,50,289, కారైకాల్ 2,00,222, యానాం 55,626, మాహే 41,816. విస్తీర్ణం వరుసగా 294, 157, 30, 9 చదరపు కిలోమీటర్లు. జనసాంద్రత, అంటే చదరపు కిలోమీటరుకు ఎంతమంది అన్నది, పుదుచ్చేరిలో 3,232, కారైకాల్‌లో 1,275, మన యానాంలో 1,854, మాహేలో 4,646. మొత్తం కేంద్రపాలిత ప్రాంతం సాంద్రత ఎంత?

నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే దాదాపు 2,752 వస్తుంది. జనాభాలన్నీ కూడితే 12,47,953, విస్తీర్ణాలన్నీ కూడితే 490, భాగిస్తే 2,547. జనాభా లెక్కల పుస్తకంలో అచ్చయిన అంకె ఇదే. మొదటి దారిలో 200 మందికి పైగా ఎక్కువ ఎందుకు వచ్చారంటే, 9 చదరపు కిలోమీటర్ల మాహేకు 294 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరితో సమానంగా ఓటు ఇచ్చాము కనుక. స్త్రీ పురుష నిష్పత్తిలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వెయ్యి మంది పురుషులకు స్త్రీలు పుదుచ్చేరిలో 1,029, కారైకాల్‌లో 1,047, యానాంలో 1,038, మాహేలో 1,184. వీటి సగటు సుమారు 1,075. అసలు లెక్క, స్త్రీలు 6,35,442, పురుషులు 6,12,511, అంటే 1,037. చిన్న మాహే ఒక్కటీ మొత్తాన్ని పైకి లాగేసింది.

కాబట్టి సాంద్రత, నిష్పత్తి, శాతం వంటివి మెజర్లే అయినా కూడరాని మెజర్లు. జిల్లా జిల్లాకూ లెక్క కట్టి నిల్వ చేసి, తరువాత వాటిని కూడడమో సగటు తీయడమో చేయకూడదు. జనాభా, విస్తీర్ణం అన్నవి విడివిడిగా దాచి, అడిగినప్పుడు మొత్తాల మీద భాగించాలి. టాబ్లోలో అయితే సూత్రంలోనే జనాభా మొత్తం భాగించు విస్తీర్ణం మొత్తం అని రాస్తాము. అలా మొత్తం అన్న మాట సూత్రం లోపలే ఉన్న ఫీల్డు ఎప్పుడూ మెజరే, దాన్ని డైమెన్షన్‌గా మార్చనివ్వదు. ఎందుకు మార్చనివ్వదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఏ గుంపు మొత్తమో తేలితే తప్ప దానికి విలువే లేదు, విలువ లేనిదానితో గుంపులు చేయడం ఎలా? సూత్రంలో ఒక చోట మొత్తమూ, ఒక చోట విడి వరుసా కలిపి రాసినా ఒప్పుకోదు. దాన్ని చూసి పిల్లలు కంగారు పడతారు గాని, నిజానికి అది మేలు చేసే అడ్డంకి.

పవర్ బీఐలో ఈ రెండింటికీ రెండు పేర్లున్నాయి. వరుస వరుసకూ కట్టి దాచి పెట్టేది కాలిక్యులేటెడ్ కాలమ్, అడిగినప్పుడు గుంపును బట్టి కట్టేది మెజర్. గ్రాఫు అడుగున పేర్లుగా పెట్టుకోవాలన్నా, పక్కన వడపోతకు పెట్టుకోవాలన్నా కాలమ్ కావాలి. శాతాలకు, సగటులకు మెజర్ కావాలి.

ఎక్సెల్ పివట్ టేబుల్‌లో ఉండే కాలిక్యులేటెడ్ ఫీల్డు విషయంలో మాత్రం జాగ్రత్త. అది ఎప్పుడూ ముందు మొత్తాలు వేసుకుని, తరువాతనే సూత్రం కడుతుంది. శాతాలకు ఇది సరిగ్గా సరిపోతుంది. కానీ "మార్కులు 35 లేదా అంతకు మించితే 1, లేకపోతే 0" అని అందులో రాసి పాసైన వారిని లెక్కపెడదామంటే కుదరదు. ఒక పేటలోని పిల్లల మార్కులన్నీ కూడితే 612 వచ్చాయనుకోండి, 612 అన్నది 35కు మించినదే, జవాబు 1. పేటలో పాతిక మంది పాసైనా ఒకటే, ఒక్కరే పాసైనా ఒకటే. ఇటువంటి షరతు లెక్కను పివట్‌లో కాక అసలు షీటులోనే ఒక వరుసగా చేర్చి, ఆ ఒకట్లను పివట్‌లో కూడాలి. మా వీధిలో బి.కాం. ఆఖరు సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె "బాబాయ్ గారూ, సూత్రం తప్పు లేదు, జవాబు ఎందుకు తప్పు వస్తోందండీ?" అని షీటు పట్టుకొచ్చింది. సూత్రం తప్పు లేదమ్మా, సూత్రం నిలబడిన చోటు తప్పు అని చెప్పాను.

ఇక్కడ "ఒకటి" అంటే ఏది?

అయితే ఎప్పుడూ మొత్తాలు వేసి భాగించడమే సరైనదని కంఠస్థం చేయవద్దు. చాలా పుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి, నాకు అది నచ్చదు.

ఇద్దరు విద్యార్థులను తీసుకుందాం. ఒకరు ఆంధ్రప్రదేశ్ పదో తరగతి బోర్డులో 600కు 510, మరొకరు సి.బి.ఎస్.ఇ.లో 500కు 440. మార్కులను నేరుగా పోలిస్తే 510 వచ్చిన వారు ముందు. శాతం కడితే మొదటి వారికి 85, రెండో వారికి 88. స్కాలర్‌షిప్ ఒక్కటే ఉంటే ఎవరికి వెళుతుందో ఈ ఒక్క గడి నిర్ణయిస్తుంది. ఇది ప్రతి వరుస దగ్గరా ఆగి కట్టవలసిన లెక్క. ఇక ఇద్దరికీ కలిపి సగటు అడిగారు. మొత్తాలు వేస్తే 1,100కు 950, అంటే 86.36. శాతాల సగటు 86.5. ఇక్కడ నేను 86.5 వైపే ఉంటాను. ఎందుకంటే ఇక్కడ "ఒకటి" అంటే ఒక విద్యార్థి. 600 మార్కుల బోర్డులో చదివినంత మాత్రాన ఆ విద్యార్థికి ఎక్కువ బరువు ఇవ్వనక్కరలేదు.

అదే ఉత్తీర్ణత శాతమైతే తిరగబడుతుంది. ఒక పాఠశాలలో 4గురు రాసి 4గురూ పాసయ్యారు, వంద శాతం. ఇంకో పాఠశాలలో 96 మంది రాసి 48 మంది పాసయ్యారు, యాభై శాతం. శాతాల సగటు 75. కానీ వంద మంది పిల్లల్లో పాసైనది 52 మంది. మనకు కావలసినది పిల్లల సంగతి గనుక 52యే సరి. పాఠశాలలు సగటున ఎలా నడుస్తున్నాయని అడిగితే 75కూ కాస్త అర్థం ఉంది. కాబట్టి సూత్రం మొదలుపెట్టే ముందు, ఈ ప్రశ్నలో ఒకటి అంటే మనిషా, ఇల్లా, పాఠశాలా, రూపాయా అన్నది కాగితం మీద రాసుకోండి. డైమెన్షనా మెజరా అన్న తగువు సగం అక్కడే తీరుతుంది.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. కాలేజీల కరపత్రాల్లో "సగటు ఉత్తీర్ణత", "సగటు ప్యాకేజీ" అని పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని రెండు అంకెలూ విడిగా అడగండి. ప్యాకేజీ అయితే ఆ సగటు ఉద్యోగం వచ్చిన వారి మీద కట్టారా, చదివిన వారందరి మీద కట్టారా అని అడగండి. పదిమందిలో ఇద్దరికి ఉద్యోగం వచ్చి, ఆ ఇద్దరి జీతాల సగటు వేస్తే అంకె అందంగానే ఉంటుంది. ఫీజు కట్టేది మీరు, అడగడానికి మొహమాట పడవద్దు.

ఒకటి అంటే ఏది అన్న ప్రశ్న ఆదాయం గడిలో ఇంకో విధంగా ఇబ్బంది పెడుతుంది. షీటులో వరుసకు ఒక విద్యార్థి ఉంటారు, ఆదాయం మాత్రం కుటుంబానిది. అన్న, చెల్లెలు ఇద్దరూ దరఖాస్తు చేస్తే 90,000 రూపాయల ఆదాయం రెండు సార్లు ఎక్కుతుంది. ఇంకో ఇంటి నుంచి ఒక అబ్బాయి, ఆదాయం 1,80,000. వరుస కూడితే 3,60,000, ముగ్గురితో భాగిస్తే 1,20,000. నిజానికి ఉన్నవి రెండే ఇళ్ళు, మొత్తం 2,70,000, ఇంటికి సగటు 1,35,000. సబ్జెక్టుకు ఒక వరుస చొప్పున మార్కులు ఎక్కించిన షీటయితే ఇంకా దారుణం, ఒక్కొక్క ఇంటి ఆదాయం ఆరేసి సార్లు వచ్చి పడుతుంది. దీనికి రేషన్ కార్డు నంబరును డైమెన్షన్‌గా పెట్టుకుని, కార్డుకు ఒక్కసారే ఆదాయం తీసుకునే లెక్క రాయాలి. టాబ్లోలో ఇలా ఒక డైమెన్షన్‌కు కట్టిపడేసి లెక్కించే సదుపాయం ఉంది. ఆ వచ్చిన అంకెను మళ్ళీ డైమెన్షన్‌గా కూడా వాడుకోవచ్చు. ఇంటికి ఎన్ని దరఖాస్తులు అని మొదట లెక్కపెట్టి, తరువాత ఒక దరఖాస్తు ఉన్న ఇళ్ళు ఎన్ని, రెండున్నవి ఎన్ని, మూడున్నవి ఎన్ని అని వేరు చేయవచ్చు. మొదట "ఎన్ని" అన్న ప్రశ్నకు జవాబుగా ఉన్నదే తరువాత "ఏ రకం ఇల్లు" అన్నదానికి జవాబు అయింది. ఏ వరుసా పుట్టుకతో డైమెన్షనో మెజరో కాదు, మనం అడిగే ప్రశ్నను బట్టి అవుతుందని దీనివల్ల తెలుస్తుంది.

ఆదాయాన్ని పరిమితితో పోల్చినప్పుడు కూడా ఇంతే. కేంద్ర ప్రభుత్వం 9వ తరగతి నుంచి 12 వరకు సంవత్సరానికి 12,000 రూపాయల చొప్పున ఇచ్చే నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయం 3,50,000 మించకూడదు. ఆదాయం మెజర్. "పరిమితి లోపల", "పరిమితి పైన" అన్నది దాని నుంచి తయారైన డైమెన్షన్. ఈ సూత్రం రాసేటప్పుడు 3,50,000 కన్నా తక్కువ అని రాస్తే, సరిగ్గా 3,50,000 సర్టిఫికెట్టు తెచ్చుకున్న విద్యార్థి బయట పడతాడు. మించకూడదు అన్న మాటలో సమానం కూడా ఇమిడి ఉంది. అలాగే ఆదాయం గడి ఖాళీగా వదిలేసినవారిని సున్నాగా లెక్కించవద్దు. ఖాళీ అంటే తెలియదు అని, సున్నా అంటే లేదు అని. సగటు కట్టేటప్పుడు ఎక్సెల్ ఖాళీని వదిలేస్తుంది, సున్నాను కలుపుకుంటుంది. "వివరం ఇవ్వలేదు" అని మూడో గుంపు పెట్టి, ఆ పిల్లల ఇళ్ళకు ఫోను చేయడమే న్యాయం.

నిల్వ సంగతి

బ్యాంకు నిల్వ గురించి చెప్పకుండా వదిలితే నా మనసు ఒప్పుకోదు. నిల్వ అన్నది సగం కూడదగినది, సగం కూడరానిది. ఒకే రోజున వెయ్యి ఖాతాల నిల్వలు కూడవచ్చు, అది బ్రాంచి డిపాజిట్టు. ఒకే ఖాతాలో ముప్పై రోజుల నిల్వలు కూడితే అది డబ్బు కాదు. ఈ తేడాను డేటా వేర్‌హౌసింగ్ పుస్తకాల్లో వివరించిన రాల్ఫ్ కింబల్ గారు కూడా బ్యాంకు నిల్వనే ఉదాహరణగా తీసుకున్నారు. బ్యాంకు గుమాస్తాకు మాత్రం ఇది మొదటి సంవత్సరంలోనే తెలుస్తుంది.

ఒక పొదుపు ఖాతాలో 1వ తేదీ నుంచి 10 వరకు 10,000, 11 నుంచి 30 వరకు 4,000 ఉన్నాయనుకుందాం. రోజు నిల్వలన్నీ కూడితే 1,80,000. అంత సొమ్ము ఆ ఖాతాలో ఏనాడూ లేదు. కానీ దీన్ని మేము ప్రొడక్టు అంటాము, అంటే రూపాయలు ఇంటూ రోజులు. సొమ్ముగా చూస్తే తప్పు, రూపాయి రోజులుగా చూస్తే ఒప్పు, 30తో భాగిస్తే సగటు నిల్వ 6,000 వస్తుంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతాలకు వడ్డీ ఇలా రోజువారీ నిల్వ మీద కడుతున్నారు. అంతకు ముందు 10వ తేదీకీ నెలాఖరుకూ మధ్య ఉన్న కనీస నిల్వ మీద కట్టేవారు. అప్పటి 3.5 శాతం రేటుతో ఈ ఖాతాకు పాత పద్ధతిలో నెలకు 11 రూపాయల 67 పైసలు, కొత్త పద్ధతిలో 17 రూపాయల 26 పైసలు. ఖాతా అదే, రేటు అదే, సొమ్ము అదే. కనీసం తీయాలా, రోజులతో గుణించి కూడాలా అన్న ఒక్క నిర్ణయం మారింది. దేశంలో ఎన్ని కోట్ల ఖాతాలున్నాయో ఊహించుకుంటే ఇది చిన్న విషయం కాదని తెలుస్తుంది.

హాస్టలులో నెల నెలా ఉండే విద్యార్థుల సంఖ్య, దుకాణంలో సరుకు నిల్వ, తరగతిలో హాజరు పట్టీ బలం ఇవన్నీ నిల్వ వంటివే. పన్నెండు నెలల బలాన్ని కూడి "ఈ ఏడాది 600 మంది" అని రాయకండి. యాభై మందే పన్నెండు సార్లు కనబడ్డారు.

ఇంటర్వ్యూకు వెళ్ళేవారికి ఒక చిన్న హెచ్చరిక. టాబ్లోలో నీలం రంగు అంటే డైమెన్షన్, ఆకుపచ్చ అంటే మెజర్ అని చాలామంది చెబుతారు. అది సరి కాదు. నీలం అంటే విడివిడి విలువలు, ఆకుపచ్చ అంటే ఎడతెగక సాగే విలువలు. డైమెన్షన్లు ఎక్కువగా నీలంలో, మెజర్లు ఎక్కువగా ఆకుపచ్చలో కనబడతాయి గనుక ఆ అపోహ పుట్టింది. తేదీ డైమెన్షనే అయినా ఆకుపచ్చగా ఉండవచ్చు. ఇంత మాత్రం చెప్పగలిగితే మీరు సాఫ్ట్‌వేరును బట్టీ పట్టలేదు, వాడి చూశారని అవతలివారికి తెలుస్తుంది.

సాధన చేయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. పైన ఇచ్చిన నాలుగు జిల్లాల జనాభా, విస్తీర్ణం ఎక్సెల్‌లో ఎక్కించి, సాంద్రతను ఒకసారి షీటులో వరుసగా కట్టి పివట్‌లో సగటు తీయండి, మరొకసారి పివట్ కాలిక్యులేటెడ్ ఫీల్డుగా కట్టండి. 2,752, 2,547 రెండూ మీ చేతుల మీదుగా వచ్చాక ఇక మరచిపోరు.

చివరగా దరఖాస్తు నింపే తల్లిదండ్రులకు. మార్కుల చోట వచ్చిన మార్కులు ఒక గడిలో, మొత్తం మార్కులు ఇంకో గడిలో రాయండి. ఊరి పేరు రేషన్ కార్డులో ఉన్నట్టే రాయండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు దరఖాస్తు చేస్తే ఇద్దరి ఫారాల్లోనూ ఒకే కార్డు నంబరు వేయండి. శాతం గడిని ఖాళీగా వదిలేయండి, అది మేము కట్టుకుంటాము.